మోటార్‌హోమ్‌కి మళ్లీ నింపుకునే గ్యాస్ సిలిండర్లు: ఎలా బిగించాలి, ఎక్కడ జాగ్రత్తపడాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. సెకండ్ హ్యాండ్‌లో మోటార్‌హోమ్ (వంటిల్లు, పడకలు ఉన్న ఇల్లులాంటి బండి) కొన్నారు. గ్యాస్ లాకర్‌లో, అంటే సిలిండర్లు పెట్టే అరలో, రెండు 11 కిలోల సిలిండర్లకు చోటుంది. వచ్చే చలికాలం మూడు నెలలు యూరప్ తిరగాలని ఉంది. దేశం మారినప్పుడల్లా సిలిండర్ మార్చుకునే తలనొప్పి లేకుండా, బండ్లకు ఎల్పీజీ పోసే బంకులో నింపుకునే సిస్టమ్ పెట్టుకోవచ్చా, పెట్టుకుంటే ఆ పని సొంతంగా చేసుకోవచ్చా అని అడిగారు. నా రెండు బండ్లకూ, స్నేహితుల బండ్లు మరో అరడజనుకూ ఈ పని చేశాను. కాబట్టి తెలిసింది తెలిసినట్టు రాస్తాను, కాస్త పొడుగవుతుంది.

మూడు నెలలు, అందులోనూ చలికాలం అంటున్నారు కాబట్టి మీకు ఇది తప్పకుండా పనికొస్తుంది. ఎండాకాలంలో రెండు వారాలు తిరిగొచ్చేవాళ్లు అడిగితే మాత్రం వద్దనే చెప్తాను. ఎండాకాలంలో గ్యాస్ వంటకీ ఫ్రిజ్‌కీ తప్ప ఇంక దేనికీ పెద్దగా ఖర్చవదు. మామూలు 11 కిలోల సిలిండర్ ఒకటి నిండుగా పెట్టుకుని బయల్దేరితే చాలావరకు తిరిగొచ్చేదాకా సరిపోతుంది. హీటర్ రోజంతా తిరిగే కాలంలోనే అసలు సమస్య మొదలవుతుంది. ఒక దేశం సిలిండర్ని పక్క దేశంలో మార్చి ఇవ్వరు. దాని వాల్వ్ మూతి వేరు, డిపాజిట్ పద్ధతి వేరు. చాలా దేశాల్లో దొరికే క్యాంపింగాజ్ కంపెనీ నీలం సిలిండర్లలో పెద్దదైన 907లో పట్టేదే 2.75 కిలోలు, అదీ బ్యూటేన్ (ఎల్పీజీలో ఉండే రెండు గ్యాసుల్లో ఒకటి, రెండోది ప్రొపేన్). మంచు కురిసే చోట అది ఎందుకు పనికిరాదో కింద చెప్తాను.

ముందు ఒక్క విషయం మనసులో పెట్టుకోండి, మిగతాదంతా దాన్నుంచే వస్తుంది. మామూలు సిలిండర్ విషయంలో మీ బండిలోకి వచ్చేది ఆవిరి మాత్రమే. సిలిండర్ పైభాగంలోంచి గ్యాస్ వస్తుంది, రెగ్యులేటర్ దాని ఒత్తిడి తగ్గిస్తుంది, పొయ్యికి వెళ్తుంది. మళ్లీ నింపుకునే సిస్టమ్‌లో ఇంకో దారి కూడా ఉంటుంది. బయటి నుంచి ద్రవ రూపంలో ఉన్న గ్యాస్, బంకు పంపు తోసే ఒత్తిడితో మీ బండి గోడలోంచి లోపలికి వస్తుంది. ఈ రెండో దారి గురించి ఆలోచించకుండా "సిలిండర్ తీసేసి ఇంకో సిలిండర్ పెడుతున్నాం, అంతేగా" అనుకున్నవాళ్లే పొరపాట్లు చేయడం చూశాను.

ద్రవం గురించి అంత భయం ఎందుకంటే, వేడెక్కితే అది చాలా వ్యాకోచిస్తుంది. 15 డిగ్రీల దగ్గర నింపిన ప్రొపేన్, 50 డిగ్రీలకు వచ్చేసరికి సుమారు 13 శాతం పెరుగుతుంది. ఎండలో నిలబెట్టిన బండి లాకర్‌లో ఆ వేడి రావడం పెద్ద విశేషం కాదు. అందుకే సిలిండర్‌ని 80 శాతానికి మించి నింపకూడదు. 11 కిలోల సిలిండర్ లోపల మొత్తం చోటు సుమారు 27 లీటర్లు, అందులో పట్టించేది 21 లీటర్ల పైచిలుకు. ఆ 80 శాతం వేడికి 90 దాకా పెరిగినా పైన ఇంకా ఆవిరికి చోటు మిగులుతుంది. చోటే లేకుండా నింపితే, ద్రవం నొక్కితే నలిగేది కాదు కాబట్టి, ఒత్తిడి ఒక్కసారిగా ఎగబాకుతుంది. సేఫ్టీ వాల్వ్ తెరుచుకుని బయటికి వచ్చేది ఆవిరి కాదు, ద్రవమే. ఒక లీటరు ద్రవం దాదాపు 270 లీటర్ల గ్యాస్ అవుతుంది. అదీ గాలికంటే బరువైన గ్యాస్, నేలమీద పాకుతుంది.

మళ్లీ నింపుకోవడానికే తయారైన సిలిండర్‌లో ఒక తేలే బుడ్డి ఉంటుంది. మన ఇంటి మీద నీళ్ల ట్యాంకులో బాల్ వాల్వ్ ఎలా పనిచేస్తుందో అదీ అలాగే, 80 శాతానికి రాగానే నింపే దారిని మూసేస్తుంది. అద్దెకిచ్చే మామూలు సిలిండర్‌లో ఇది ఉండదు. ఆ మామూలు సిలిండర్‌కి తగిలించి బంకులో నింపుకోవడానికి ఇత్తడి అడాప్టర్లు ఆన్‌లైన్‌లో అమ్ముతారు. దయచేసి వాటి జోలికి పోవద్దు. ఒకసారి ఒక బంకులో ఒకాయన అలా నింపుతూ, ఎంత పట్టిందో చేత్తో ఎత్తి చూసి అంచనా వేసుకోవడం నా కళ్లారా చూశాను. వెనక ఆయన పిల్లలు బండిలోనే ఉన్నారు. నేను వెళ్లి చెప్తే ఆపారు గానీ, ఆ రోజంతా నా మనసు మనసులో లేదు. పైగా ఆ సిలిండర్ గ్యాస్ కంపెనీ సొత్తు, దాన్ని వేరేచోట నింపే హక్కు కూడా మనకు లేదు.

ఇక ఏది కొనాలి. సిలిండర్ మీద ఆర్67 ఆమోదం ముద్ర ఉందో లేదో చూడండి. అది వాహనాల్లో వాడే గ్యాస్ ట్యాంకులకు ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల ప్రకారం ఇచ్చే ఆమోదం. జర్మనీలో అయితే 80 శాతం వాల్వ్ ఉండి, బండికి స్థిరంగా బిగించి ఉన్న ట్యాంక్ సిలిండర్‌నే బంకులో నింపనిస్తారు. సిలిండర్, నింపే గొట్టం, దాన్ని రెండు సిలిండర్లకూ చీల్చే టీ జాయింట్, బంకు పంపు తగిలించే బయటి ఫిల్లర్ అన్నీ ఒకే తయారీదారు కిట్‌లోవి తీసుకోండి. ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ కొని కలిపితే థ్రెడ్ సైజులు కలవక మధ్యలో అడాప్టర్ మీద అడాప్టర్ వేయాల్సొస్తుంది. జాయింటు పెరిగితే లీకయ్యే చోటు పెరిగినట్టే.

స్టీలా, అల్యూమినియమా అంటే, మీ బండి మొత్తం బరువుకి 3,500 కిలోల పరిమితి ఉంటే అల్యూమినియం వైపే మొగ్గుతాను. ఖాళీ సిలిండర్ బరువు దాదాపు సగానికి తగ్గుతుంది. మోటార్‌హోమ్‌లో ప్రతి కిలో లెక్కే. బరువుకి ఇబ్బంది లేకపోతే స్టీలు గట్టిది, చవక. ఎన్ని అంటే, మీ ప్రయాణానికి రెండూ నింపుకునేవే పెట్టండి. చలి లేని కాలంలో తిరిగేవాళ్లకైతే ఒకటి నింపుకునేది, రెండోది మామూలు సిలిండర్ అని చెప్తుంటాను. బంకు దొరకని రోజున ఆ రెండోది ఆదుకుంటుంది. మీ లెక్క వేరు. ట్రూమా కాంబి 6 లాంటి 6 కిలోవాట్ల హీటర్ ఫుల్‌గా తిరిగితే గంటకు 480 గ్రాముల దాకా తాగుతుంది. గడ్డకట్టే చలిలో నా బండిలో రోజుకి నాలుగు కిలోల పైనే అయింది. రెండు సిలిండర్లు కలిపి 22 కిలోలు అంటే ఐదు రోజులు. ఒక్కటే పెట్టుకుంటే రోజు మార్చి రోజు బంకు వెతుక్కోవడమే పనవుతుంది.

డబ్బు కట్టే ముందు లాకర్ తలుపు తీసి, టార్చ్ వేసుకుని, కింద కూర్చుని చూడండి. మొట్టమొదట ఎత్తు. నింపుకునే సిలిండర్ మీద గేజు, రెండు వాల్వులు ఉంటాయి కాబట్టి మామూలు దానికంటే పైన ఎక్కువ చోటు కావాలి. సిలిండర్ నిటారుగా నిలబడాలి. వంగితే తేలే బుడ్డి తప్పు కొలత చూపిస్తుంది, ఆవిరి రావాల్సిన చోట ద్రవం వస్తుంది. తర్వాత నేలలో రంధ్రాలు. గ్యాస్ కిందికే దిగుతుంది కాబట్టి లాకర్ నేలలోంచి అది నేరుగా రోడ్డు మీదికి జారిపోయే దారి ఉండాలి. ఈఎన్ 1949 అనే యూరప్ ప్రమాణం ప్రకారం, కింద మాత్రమే గాలి దారి ఉన్న లాకర్‌కి నేల వైశాల్యంలో 2 శాతం, కనీసం 100 చదరపు సెంటీమీటర్లు తెరిచి ఉండాలి. పాత బండ్లలో ఆ రంధ్రాల మీద చాపో, రబ్బరు షీటో పరిచేసి ఉంటారు, ఎత్తి చూడండి. లాకర్‌కీ ఇంటి భాగానికీ మధ్య గోడలో పైపు వెళ్లే చోట్లు సీల్ అయి ఉండాలి. ఎవరో ఎప్పుడో సోలార్ వైరు కోసం లాకర్ గోడకి డ్రిల్ వేసి అలాగే వదిలేసి ఉంటారు. నా మొదటి బండిలో సరిగ్గా అదే కనిపించింది, నా వేలు దూరేంత కంత.

రెగ్యులేటర్ మీద చిన్న అక్షరాల్లో ఒత్తిడి రాసి ఉంటుంది, ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఇప్పటి బండ్లన్నీ 30 మిల్లీబార్. బ్రిటన్‌లో 2003 ప్రాంతానికి ముందు తయారైన వాటిలో సిలిండర్ మీదే కూర్చునే రెగ్యులేటర్లు ఉండేవి, బ్యూటేన్‌కి 28, ప్రొపేన్‌కి 37. పాత జర్మన్ బండ్లలో 50 మిల్లీబార్ ఉంటుంది. పొయ్యి, హీటర్, ఫ్రిజ్ మీద ఉండే ప్లేటు ఏం చెప్తే రెగ్యులేటర్ కూడా అదే చెప్పాలి. కొత్త కిట్‌తో వచ్చిన 30 రెగ్యులేటర్‌ని తెచ్చి 50 మిల్లీబార్ పరికరాలకు తగిలిస్తే మంట సరిగ్గా మండదు, దాన్ని ఇరవై నాలుగు గంటలూ మూసి ఉన్న గదిలో వాడుకోవాలి కదా. రెగ్యులేటర్ వయసు పదేళ్లు దాటితే ఎలాగూ మార్చేయండి.

ఇప్పుడు నాకు బాగా దెబ్బ తగిలిన విషయం. నా రెండో బండి కొన్నప్పుడే అందులో నింపుకునే సిస్టమ్ ఉంది, ముందు యజమాని ఒక వర్క్‌షాపులో పెట్టించారు. మొదటి శీతాకాలం, రాత్రి రెండు గంటలకు హీటర్ ఎర్ర లైటు చూపించి ఆగిపోయింది. సిలిండర్ సగం నిండుగా ఉంది. పొయ్యి వెలిగిస్తే మంట పసుపు రంగులో, గాలికి ఊగినట్టు ఊగుతూ వచ్చింది. ఉన్న దుప్పట్లన్నీ కప్పుకుని తెల్లారేదాకా ఎలాగో గడిపాం. మర్నాడు రెగ్యులేటర్ విప్పితే లోపల్నుంచి చెంచాడు చిక్కటి నూనె కారింది. పసుపుకీ గోధుమ రంగుకీ మధ్య రంగు, గ్యాస్ వాసన కంటే ఘాటుగా, వేళ్లకంటుకుంటే సబ్బుతో రెండుసార్లు కడిగినా పోని జిడ్డు.

అది ఎక్కణ్ణుంచి వస్తుందంటే, కొంత గ్యాస్‌లోనే ఉండే బరువైన జిడ్డు పదార్థాలు, కొంత రబ్బరు గొట్టంలోంచి గ్యాస్ కరిగించి లాక్కొచ్చే ప్లాస్టిసైజర్లు (రబ్బరుని మెత్తగా ఉంచడానికి కలిపే పదార్థాలు). చల్లగా ఉన్న గొట్టంలో ఇవి చుక్కలు చుక్కలుగా పేరుకుంటాయి. నా బండిలో రెగ్యులేటర్‌ని సిలిండర్ వాల్వ్ కంటే జానెడు కిందికి బిగించారు. గొట్టం పైనుంచి కిందికి వాలి ఉంది. కాబట్టి చుక్కలన్నీ నేరుగా రెగ్యులేటర్‌లోకే. నేను దాన్ని పీకి, సిలిండర్ వాల్వ్ కంటే ఎత్తులో లాకర్ గోడ పైభాగానికి బిగించాను. గొట్టం సిలిండర్ నుంచి రెగ్యులేటర్‌దాకా ఎక్కడా పల్లం లేకుండా ఎక్కుతూనే ఉండేలా చూశాను. పేరుకున్నదంతా వెనక్కి సిలిండర్‌లోకే జారుతుంది. రబ్బరు గొట్టాలు తీసేసి స్టెయిన్‌లెస్ స్టీలువి వేశాను, రెగ్యులేటర్ ముందు గ్యాస్ ఫిల్టర్ ఒకటి పెట్టాను. ఆ తర్వాత ఆరు చలికాలాలు గడిచాయి, ఆ సమస్య మళ్లీ రాలేదు. మీరు వర్క్‌షాపులోనే చేయించుకున్నా సరే, డబ్బు కట్టే ముందు ఈ ఒక్కటీ మీ కళ్లతో చూసుకోండి. స్టీలు గొట్టాన్ని మాత్రం మెలిపెట్టకూడదు, బాగా చిన్న మలుపు తిప్పకూడదు. బిగించేటప్పుడు ఒక పానాతో గొట్టం వైపు నట్టు కదలకుండా పట్టుకుని, రెండో పానాతో తిప్పండి.

సిలిండర్లను బిగించడం కష్టమైన పని కాదు, తొందరపడకుండా చేయాల్సిన పని. ప్రతి సిలిండర్‌కీ కింద ఒకటి, పైన ఒకటి, రెండు లోహపు పట్టీలు. లాకర్ గోడ పలచటి ప్లైవుడ్ అయితే చెక్క స్క్రూలు నమ్మొద్దు. బోల్టు గోడలోంచి అవతలికి పోయి వెనకవైపు వెడల్పు ప్లేటు మీద పట్టుకోవాలి. గట్టిగా బ్రేకు వేసినప్పుడు నిండు సిలిండర్ ఎంత బలంగా ముందుకు వస్తుందో ఊహించుకుని బిగించండి. బిగించాక రెండు చేతులతో ఊపి చూడండి, బండి ఊగాలి తప్ప సిలిండర్ ఊగకూడదు. వాల్వ్ చక్రం, గేజు మీ వైపు తిరిగి ఉండేలా పెట్టండి.

బయటి ఫిల్లర్ కోసం బండి గోడకి రంధ్రం చేయాలి. అందరికీ టెన్షన్ ఇక్కడే. నాకూ మొదటిసారి డ్రిల్ పట్టుకుని పది నిమిషాలు అలా నిలబడాల్సి వచ్చింది. లోపలి వైపు నుంచి సన్నటి బిట్‌తో ముందు ఒక చిన్న రంధ్రం చేసి, బయటికి వచ్చి అది ఎక్కడ తేలిందో చూడండి. అక్కడ వైరు, చట్రం కర్ర, లైటు ఏమీ లేవని రెండువైపులా నిర్ధారించుకున్నాకే హోల్ సా (గుండ్రటి కంత కోసే రంపపు బిట్) పెట్టండి. చోటు ఎంచుకునేటప్పుడు తలుపు, కిటికీ, ఫ్రిజ్ గాలి జాలీ, హీటర్ పొగ గొట్టం, వీటన్నిటికీ వీలైనంత దూరంగా, లాకర్‌కి వీలైనంత దగ్గరగా చూడండి. నింపే గొట్టం ఇంటి భాగంలోంచి వెళ్లకూడదు, ఫిల్లర్ నుంచి నేరుగా లాకర్‌లోకే రావాలి. మోటార్‌హోమ్ గోడ రెండు పలచటి రేకుల మధ్య ఫోమ్ పెట్టి చేసినది కాబట్టి, ఫిల్లర్ నట్టు బిగించేకొద్దీ ఫోమ్ నలిగి గోడ లోపలికి సొట్టపోతుంది. రంధ్రం అంచు చుట్టూ ఒక వేలు లోతు ఫోమ్ గోకి తీసి, ఆ ఖాళీలో గట్టి చెక్క రింగో, ఎపాక్సీ (ఆరి గట్టిపడే జిగురు) యో నింపి ఆరనివ్వండి. అప్పుడు నట్టు గట్టిదాని మీద కూర్చుంటుంది, వాన నీరు కూడా ఫోమ్‌లోకి దిగదు. కోసిన అంచుకి సీలెంట్ బాగా పట్టించండి. లీకైన గోడ కుళ్లడం మొదలైతే దాని ఖర్చు ముందు ఈ గ్యాస్ ఖర్చు ఒక లెక్క కాదు.

గోడ కోయడం ఇష్టం లేక లాకర్ లోపలే ఫిల్లర్ పెట్టుకునేవాళ్లున్నారు. పని చేస్తుంది. కానీ తలుపు తీసి నింపుతుంటే బంకువాళ్లకి మీరు మామూలు సిలిండర్ నింపుతున్నట్టే కనిపిస్తుంది, కొన్నిచోట్ల ఒప్పుకోరు. నా సలహా బయటే పెట్టమని.

నింపే గొట్టం మధ్యలో అదనంగా ఒక కుళాయి పెడితే భద్రం కదా అని నన్ను ఇద్దరు ముగ్గురు అడిగారు. పెట్టొద్దు. నింపడం అయ్యాక ఆ గొట్టంలో కొంచెం ద్రవం మిగులుతుంది. ఫిల్లర్ దగ్గరి వాల్వ్ బయటికి పోనివ్వదు, సిలిండర్ దగ్గరి వాల్వ్ మాత్రం సిలిండర్ లోపలికి పోనిస్తుంది. వేడెక్కి ఒత్తిడి పెరిగితే ఆ దారిన సర్దుకుంటుంది. మధ్యలో కుళాయి పెట్టి మూస్తే ద్రవం రెండు మూతల మధ్య ఇరుక్కుంటుంది, ఎటూ పోలేదు. గొట్టం పగిలేంత ఒత్తిడి రావడానికి కాస్త ఎండ చాలు.

సిలిండర్‌కి తగిలే నట్లు చాలావరకు రివర్స్ థ్రెడ్. విప్పాలంటే గడియారం ముల్లు తిరిగే దిక్కుకి తిప్పాలి. అలవాటు లేనివాళ్లు విప్పుతున్నామనుకుని బిగించి, ఇత్తడి పాడుచేస్తారు. లోహం మీద లోహం కూర్చునే జాయింట్లకు టెఫ్లాన్ టేపు చుట్టకూడదు. చుడితే సీటు సరిగ్గా కూర్చోదు, ముక్కలు ఊడి రెగ్యులేటర్‌లోకి పోతాయి. రబ్బరు వాషర్ ఉన్నచోట వాషర్ బాగుందో లేదో చూసి, చేత్తో బిగించి, తర్వాత పానాతో కొంచెం. బలమంతా చూపించక్కర్లేదు.

మొదటిసారి నింపేటప్పుడు ట్యాంకు ఫుల్ చేద్దామని వెళ్లకండి. ఐదు లీటర్లు పోయించుకుని, బంకు నుంచి దూరంగా వచ్చి బండి ఆపి, ప్రతి జాయింటుకీ లీక్ స్ప్రే కొట్టండి. గిన్నెలు తోమే సబ్బు కంటే ఇదే మంచిది, ఆ సబ్బుల్లో ఇత్తడిని తినేసేవి ఉంటాయి. సన్నటి లీకు వెంటనే బుడగ కాదు. కాసేపటికి తెల్లటి నురగ ముద్దలా మెల్లగా పెరుగుతుంది. అందుకే ఒక్కో జాయింటు దగ్గర ఒక నిమిషం ఆగి చూడండి. నింపే వైపు జాయింట్లు మర్చిపోవద్దు. కొత్త సిలిండర్‌లో గాలి ఉంటుంది కాబట్టి పొయ్యి మొదట్లో వెలగక మొరాయిస్తే కంగారు పడక్కర్లేదు.

రెండోసారి నిండుగా నింపండి, కానీ లీటర్లు లెక్కపెడుతూ. బండి సమతలంగా నిలబెట్టి, గేజు చూసి ఎంత పట్టాలో ముందే లెక్కేసుకోండి. నాజిల్ తగిలించి బంకు పంపు బటన్ నొక్కి పట్టుకుంటే గొట్టంలో ద్రవం పరుగెత్తే సన్నటి బుస చేతికి తెలుస్తుంది. 80 శాతానికి రాగానే ఆ బుస ఆగుతుంది, పంపు మోత మారుతుంది, మీటర్ అంకెలు నిలబడిపోతాయి. రెండు సిలిండర్లు ఉంటే ఒకటి మూసుకున్నాక రెండోది ఇంకా తాగుతుంటుంది కాబట్టి మీటర్ నెమ్మదించి, తర్వాత ఆగుతుంది. మీ లెక్కకి మించి మీటర్ తిరుగుతుంటే వెంటనే బటన్ వదిలేయండి. తేలే బుడ్డి పనిచేయడం లేదని అర్థం, ఆ సిలిండర్ని బాగుచేయించేదాకా వాడకూడదు. నాజిల్ తీసేటప్పుడు ఫస్ మని కొంచెం తెల్లటి ఆవిరి వస్తుంది, అది మామూలే. చేతికి తగిలితే మంచుకాటు పడుతుంది, గ్లవ్స్ వేసుకోండి.

బంకులోకి వెళ్లే ముందే సిలిండర్ వాల్వులు కట్టేయండి, హీటర్ ఆపేయండి. ఫ్రిజ్ సంగతి చాలామందికి తెలియదు. ఆటోమేటిక్ ఫ్రిజ్ ఇంజిన్ తిరిగినంతసేపు బ్యాటరీ మీద నడిచి, ఇంజిన్ ఆపిన కొన్ని నిమిషాలకు తనంతట తనే గ్యాస్ మీదికి మారి మంట వెలిగించుకుంటుంది. మీరు క్యూలో నిలబడి ఉన్నప్పుడు గోడకి అవతల అది వెలిగే ప్రమాదం ఉంది. స్విచ్ ఆఫ్ చేసే వెళ్లండి.

దేశాన్నిబట్టి నాజిల్ మారుతుంది. బ్రిటన్, నెదర్లాండ్స్‌లో బయోనెట్, జర్మనీ, బెల్జియం, ఐర్లండ్‌లో ఆక్మీ, ఫ్రాన్స్, ఇటలీ, పోలండ్‌లో డిష్, స్పెయిన్, పోర్చుగల్‌లో యూరో నాజిల్. నాలుగు అడాప్టర్లూ ఒక డబ్బాలో పెట్టుకుని, ఆ డబ్బాని లాకర్‌లోనే ఉంచండి. చేత్తో బిగించి, రబ్బరు రింగు ఉందో లేదో చూడండి.

చలికాలం గురించి ఇప్పుడు. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దగ్గర కూడా మరిగి ఆవిరవుతుంది. బ్యూటేన్‌కి మైనస్ అర డిగ్రీ దాటాలి, అంతకంటే చల్లబడితే అది సిలిండర్‌లో నీళ్లలా కూర్చుంటుంది. బంకుల్లో అమ్మేది ఈ రెండింటి మిశ్రమం. వెచ్చటి దక్షిణ దేశాల్లో బ్యూటేన్ ఎక్కువ కలుస్తుంది. అక్కడ నింపుకుని కొండల్లోకి ఎక్కితే చిక్కు వస్తుంది. చలిలో ముందు ప్రొపేనే ఆవిరై ఖర్చవుతుంది, బ్యూటేన్ అడుగున మిగులుతుంది. మళ్లీ నింపితే మళ్లీ ప్రొపేనే పోతుంది, బ్యూటేన్ ఇంకా పేరుకుంటుంది. కొన్నాళ్లకి గేజు సగం చూపిస్తుంది, హీటర్ మాత్రం గ్యాస్ లేదంటుంది. చాలామంది గేజు పాడైందనుకుని మార్చేస్తారు. దీనికి మందు, దక్షిణాన నింపిన గ్యాస్‌ని వెచ్చటి చోటే చాలావరకు వాడేసుకుని, ఉత్తరానికో కొండల్లోకో వెళ్లాక అక్కడ నింపుకోవడం. సిలిండర్ దాదాపు ఖాళీ అయ్యాకే నింపితే అడుగున మిగిలేది తక్కువ. సిలిండర్‌ని వేడి చేయాలని హెయిర్ డ్రయ్యర్, వేడినీళ్ల సీసా లాంటి ప్రయోగాలు చేయొద్దు.

డ్రైవింగ్ చేస్తూ హీటర్ వాడాలనుకుంటే, గుద్దుకున్నప్పుడు గ్యాస్ ఆపేసే సెన్సర్ ఉన్న రెగ్యులేటర్, గొట్టం తెగితే మూసుకునే రక్షణ ఉన్న గొట్టాలు ఉండాలి. ఐక్యరాజ్యసమితి 122వ వాహన నిబంధన అడిగేది ఇదే. మీ పాత రెగ్యులేటర్‌లో ఆ సెన్సర్ ఉంటే, దాన్ని పీకి మామూలుది పెట్టకండి. లేకపోతే బండి కదులుతున్నప్పుడు సిలిండర్ వాల్వ్ మూసేయడమే.

సొంతంగా చేసుకోవచ్చా అన్నారు. కొలతలు, పట్టీలు, ఫిల్లర్ రంధ్రం, సీలెంట్, చెక్క పనులు మీరే చేసుకోండి, శ్రద్ధ ఉన్నవాళ్లు వర్క్‌షాపు కంటే బాగా చేస్తారు. గ్యాస్ జాయింట్లు బిగించడం, పరీక్షించడం మాత్రం అర్హత ఉన్న గ్యాస్ ఇంజనీర్‌కి అప్పగించండి. ఆయన పరికరాలన్నీ ఆపేసి, పైపుల్లో 150 మిల్లీబార్ ఒత్తిడి పెట్టి, ఐదు నిమిషాలు సర్దుకోనిచ్చి, ఇంకో ఐదు నిమిషాలు ముల్లు కదలకుండా ఉందో లేదో చూస్తారు. అది రెగ్యులేటర్ తర్వాతి వైపు పరీక్ష. నింపే వైపుకి, సిలిండర్ నుంచి రెగ్యులేటర్‌దాకా ఉండే గొట్టానికి ఈ పరీక్ష వర్తించదు, అవి లీక్ స్ప్రేతో విడిగా చూడాలి, అడిగి మరీ చేయించుకోండి. చేసిన పనికి కాగితం తీసుకోండి. ఇన్సూరెన్స్‌వాళ్లు అడుగుతారు. జర్మనీ రిజిస్ట్రేషన్ బండి అయితే జి 607 అనే గ్యాస్ సిస్టమ్ పరీక్ష ఎలాగూ రెండేళ్లకోసారి ఉంటుంది. లోపల రెండు అలారాలు పెట్టండి. గ్యాస్‌ది నేలకి దగ్గరగా, కార్బన్ మోనాక్సైడ్‌ది పడుకునే చోటికి దగ్గర్లో తల ఎత్తులో. ఒకదాన్ని ఇంకోదాని చోట పెట్టడం చాలా బండ్లలో చూశాను.

పని అయ్యాక నేరుగా సరిహద్దు దాటేయకండి. ఇంటికి దగ్గర్లో రెండు రాత్రులు హీటర్ వేసుకుని బండిలో పడుకోండి, ఒకసారి ఖాళీ చేసి, ఒకసారి నింపండి. ఆర్డర్ పెట్టే ముందు లాకర్ లోపలి ఎత్తు, వెడల్పు, లోతు, రెగ్యులేటర్ మీది లేబుల్, బండి తయారైన సంవత్సరం రాసి పంపితే, ఏ సైజు సిలిండర్లు పడతాయో, రెగ్యులేటర్‌ని పైకి మార్చాలో లేదో చూసి చెప్తాను.